నాలుగు మీటర్ల లోపు: ఆదోని, ఎమ్మిగనూరు రోడ్లకు ఏ ఇంజను, ఏ గేరుబాక్సు?

2025 మేలో కొత్త రూపుతో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ ధరల పట్టిక చూస్తే ఒకే కారు ఐదు కార్లుగా కనబడుతుంది. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుకు మూడు గేరుబాక్సులు: చేత్తో వేసుకునే 5 గేర్లది, దానికే మోటార్లు బిగించిన ఏఎంటీ, రెండు క్లచ్‌ల 6 గేర్ల డీసీఏ. అదే ఇంజను సీఎన్‌జీతో నాలుగోది. అయిదోది 1.5 లీటర్ల డీజిల్. పక్క షోరూముకు పోతే అక్కడ సీవీటీ అంటారు, ఇంకోచోట టర్బో అంటారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు ఈ గోల లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. కావాలంటే తీసుకో, లేదంటే వరుసలో నీ వెనకాల ఉన్నాయన తీసుకుంటాడు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు కారు కొనే మనిషి మొదట అడిగేది ఒకటే: "ఎంతిస్తాదన్నా?" లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఆ తరువాతెప్పుడో, బండి ఇంటికొచ్చి ఏడాదయ్యాక, రెండో ప్రశ్న పుడుతుంది: ఏదన్నా అయితే ఎవరు చేస్తారు? నా మటుకు ఈ రెండింటి వరుస మారాలి. పట్నంలో ఉన్నవాడికి ఇంజను, గేరుబాక్సు ఎంపిక ఇష్టానికి సంబంధించిన సంగతి. ఇక్కడ అది దూరాల లెక్క: ఇంధనం ఎంత దూరంలో దొరుకుతుంది, స్కానర్ ఉన్న మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, బండి ఆగిపోతే దాన్ని ఎట్లా తెస్తారు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చిన్న కార్ల ఇంజన్లను, గేరుబాక్సులను ఈ కొలబద్ద మీదే చూద్దాం.

ముందు నేల సంగతి. రెండు ఊళ్ళ మధ్య సుమారు 30 కిలోమీటర్లు. నల్లరేగడి భూములు, దాదాపు చదును. ఆదోని కోట కొండలు చూడ్డానికి ఎత్తుగా ఉన్నా రోడ్డు వాటి పక్కగా పోతుందే గానీ ఎక్కదు. బళ్ళారి పక్కన హగరి దగ్గర మొదలయ్యే 167వ నంబరు జాతీయ రహదారి ఆలూరు, ఆదోని, మంత్రాలయం మీదుగా రాయచూరు, మహబూబ్‌నగర్ వైపు సాగిపోతుంది. ఇక్కడి కారు చేసే పని కూడా తెలిసిందే. వారానికి కొన్నిసార్లు పక్క ఊరు, నెలకోసారి కర్నూలు, ఆసుపత్రి పనికి బళ్ళారో రాయచూరో, పండక్కి మంత్రాలయం, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి, ఏడాదికోసారి తిరుమల లేక శ్రీశైలం. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటే ఆ ప్రయాణం అదనం.

అంటే ఇక్కడ ఇంజనును అలయగొట్టేది ఎత్తు కాదు. ఏప్రిల్, మే ఎండ, దుమ్ము, పత్తి సీజన్లో మార్కెట్ యార్డు వైపు వెళ్ళే ట్రాక్టర్ల, లారీల వెనక మొదటి గేరులో పాకడం. జిన్నింగ్ మిల్లుల దగ్గర రోజూ నిలిపే కారుకు ఎయిర్ ఫిల్టరు, ఏసీ కండెన్సరు ముఖం దూది నుసితో మూసుకుపోతాయి. సర్వీసు పుస్తకంలో ఎన్ని వేల కిలోమీటర్లకు ఫిల్టరు మార్చాలని రాసినా, ఈ వీధుల్లో దానికి సగానికే విప్పి చూడాలి. పికప్ తగ్గిందని గోల పెట్టేవాళ్ళలో చాలామందికి కావలసింది పెద్ద ఇంజను కాదు, కొత్త ఫిల్టరు.

ఇన్ని కంపెనీలు, ఇన్ని పేర్లు ఉన్నా ఇంజన్లన్నీ 1197, 1199, 1493, 1497 సీసీల దగ్గరే ఎందుకు ఆగిపోతాయన్నది చాలామంది అడగని ప్రశ్న. జవాబు ఇంజనీర్ల దగ్గర లేదు, కేంద్ర బడ్జెట్‌లో ఉంది. 2006లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించినప్పుడు చిన్న కారంటే ఏమిటో గీత గీశారు. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండాలి. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. జీఎస్టీ వచ్చాకా ఆ గీత చెరగలేదు. స్విఫ్ట్‌కు తోక తగిలించిన డిజైరు 3995 మిల్లీమీటర్ల దగ్గర, ఐ20 కూడా 3995 దగ్గర, ఆల్ట్రోజ్ 3990 దగ్గర ఆగడం ఈ గీత పుణ్యమే. మారుతి బ్రెజా పొడవులో లోపలే ఉన్నా 1462 సీసీ పెట్రోలు ఇంజను వల్ల బయటపడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి గీత లోపలి కార్లకు పన్ను 18 శాతం అయింది, బయటివాటికి 40. అంతకు ముందు చిన్న పెట్రోలు కారుకు సెస్సుతో కలిపి 29 శాతం, చిన్న డీజిల్‌కు 31 శాతం ఉండేది. ఆ రెండు శాతం తేడా కూడా ఇప్పుడు పోయింది. కనక మనకు దొరికే ఇంజను ఆదోని ఎండనో, ఎమ్మిగనూరు బాటనో చూసి చేసింది కాదు. పన్ను గీతలో ఇమిడేలా చేసింది.

ఇక పెట్రోలు. టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్లే ఈ తరగతిలో ఎక్కువ బళ్ళను లాగుతున్నాయి. 2024 మేలో వచ్చిన స్విఫ్ట్‌తో మారుతి తన పాత నాలుగు సిలిండర్ల ఇంజనును పక్కన పెట్టి జెడ్12ఈ అనే మూడు సిలిండర్లది తెచ్చింది. శక్తి 90 పీఎస్ నుంచి 82కు తగ్గింది. పరీక్షశాలలో మైలేజీ మాన్యువల్‌కు 24.80, ఏఎంటీకి 25.75 కిలోమీటర్లకు పెరిగింది. కంపెనీ ఏది అమ్ముడుపోతుందనుకుందో ఈ అంకెలే చెబుతాయి. "ఎంతిస్తాదన్నా?" అన్న ప్రశ్న మన ఊళ్ళో మాత్రమే పుట్టింది కాదన్నమాట. హ్యుందాయ్ 1197 సీసీ కప్పా నాలుగు సిలిండర్లతో 83 పీఎస్, హోండా అమేజ్ 1199 సీసీ నాలుగు సిలిండర్లతో 90 పీఎస్, టాటా 1199 సీసీ మూడు సిలిండర్లతో 88 పీఎస్. అంకెల్లో అందరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. సీట్లో కూర్చుంటే తేడా తెలుస్తుంది. మూడు సిలిండర్లది ఐడిల్‌లో కొంచెం వణుకుతుంది, నాలుగు సిలిండర్లది నిశ్శబ్దంగా ఉంటుంది. మూడు సిలిండర్లంటే ముఖం చిట్లించేవాళ్ళు మారుతి 800కు కూడా మూడే ఉండేవని మరిచిపోతారు. ఆ బండి ముప్పై ఏళ్ళ పాటు ఈ దేశాన్ని మోసింది.

పరీక్షశాల మైలేజీని చూసి ఇంటి లెక్క వేసుకోకూడదు. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, మధ్యాహ్నం ఎండలో పోతుంటే 24 అన్నది 17, 18 కావడం మామూలే. దానికి తోడు ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికే పాత కార్లలో ఇంధన సామర్థ్యం 6, 7 శాతం వరకు పడిపోవచ్చని, ఈ20కి సర్దిన కొత్త ఇంజన్లలో 1, 2 శాతమే పడుతుందని లెక్క చెప్పింది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండి అయితే మనసు పాడుచేసుకోనక్కరలేదు. అంతకు ముందు బండి కొంటుంటే ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్ళు ఒకసారి చూపించుకోవాలి. ఇంధన ధర మాట వచ్చింది కాబట్టి ఒక పక్క సంగతి: కర్ణాటకలో పెట్రోలు మన రాష్ట్రం కంటే లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. బళ్ళారికో సిరుగుప్పకో పనిమీద పోయేవాళ్ళు అక్కడే ట్యాంకు నింపుకు రావడంలో వింతేమీ లేదు. అందుకని పనిలేకుండా సరిహద్దు దాకా పోయి రావడం మాత్రం లెక్క తప్పడమే.

చిన్న టర్బో పెట్రోలు గురించి ఎక్కువ రాయను. ఐ20 ఎన్ లైన్, వెన్యూలలో ఉన్న 1.0 లీటరు 120 పీఎస్ ఇంజను, నెక్సాన్‌లోని 1.2 టర్బో, మాగ్నైట్‌లోని 100 పీఎస్ ఇంజను, అన్నీ నడపడానికి హాయిగా ఉంటాయి. కర్నూలు నుంచి హైదరాబాదు దాకా 44వ నంబరు రహదారి మీద వారం వారం పోయేవాడికి అవి అర్థమున్న ఖర్చు. ఆదోని బజారుకు, ఎమ్మిగనూరు పెళ్ళికి కాదు. టర్బోకు ఆయిలు సరిగ్గా, వేళకు మార్చాలి. ఎండలో గట్టిగా తోలి వెంటనే ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచాలి. మైలేజీ పాదం బరువును బట్టి సగానికి సగం మారిపోతుంది.

డీజిల్ కథ పెద్దది, కొంచెం బాధ పెట్టేది. ఈ సీమకు నిజంగా సరిపోయిన చిన్న ఇంజను ఒకటుండేది. 1998 చివర్లో వచ్చిన టాటా ఇండికా 1405 సీసీ డీజిల్ దారి వేసింది. టర్బో లేదు, మోత ఎక్కువ, అయినా తక్కువ ఖర్చుతో నడిచింది. తరువాత 2007లో స్విఫ్ట్‌లోకి 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ వచ్చింది. 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్ల టార్కు. అదే ఇంజను డిజైరు, రిట్జ్, ఎర్టిగా, ఇండికా విస్టా, పుంటో, లీనియా, ఇంకా ఎన్నింటిలోకో పోయింది. జాతీయ ఇంజను అని సరదాగా పేరు పెట్టారు. ఆ సరదాలో అబద్ధమేమీ లేదు. ఒకే ఇంజను ఇన్ని బళ్ళలో ఉండటం వల్ల చిన్న ఊళ్ళ మెకానిక్కులకు అది కంఠతా వచ్చింది. నాజిల్ ఎప్పుడు కొట్టేస్తుంది, ఈజీఆర్ ఎప్పుడు మసి పట్టి అంటుకుంటుంది, టర్బో నుంచి ఆయిలు ఎక్కడ చెమ్మగిల్లుతుంది, అన్నీ బోనెట్ ఎత్తకముందే చెప్పగలిగేవాళ్ళు. విడిభాగాలు కర్నూలు దాకా పోకుండానే దొరికేవి. ఆ ఇంజను గొప్పదనంలో సగం ఇనుములో ఉంది, మిగతా సగం షెడ్డుల్లో పోగుపడిన ఆ అనుభవంలో ఉంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నియమాలు వచ్చాయి. డీజిల్ పొగను శుభ్రం చేసే సరంజామా ఖర్చు చిన్న కారు మీద వేస్తే కొనేవాడు ఉండడని మారుతి ఏడాది ముందే ప్రకటించి, ఆ తేదీతో డీజిల్ మానేసింది. రెనో, ఫోక్స్‌వ్యాగన్ చిన్న డీజిళ్ళూ అప్పుడే పోయాయి. 2021లో ఫోర్డ్ దేశంలో తయారీయే ఆపేసింది. దాంతో ఫిగో, ఆస్పైర్‌లలోని మంచి 1.5 డీజిల్ పోయింది. 2023 ఏప్రిల్‌లో రోడ్డు మీదే పొగ కొలిచే నియమం రావడంతో హోండా అమేజ్ డీజిల్, ఐ20 డీజిల్ వెళ్ళిపోయాయి. ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్‌లలో డీజిల్ ఉన్నది ఆల్ట్రోజ్ ఒక్కటే: 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు, 5 గేర్ల మాన్యువల్. అంతకు మించి కావాలంటే కొంచెం ఎత్తు బళ్ళకు పోవాలి. కియా సోనెట్, హ్యుందాయ్ వెన్యూ (1493 సీసీ, 116 పీఎస్), టాటా నెక్సాన్ (1497 సీసీ, 115 పీఎస్), మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ (1497 సీసీ, 117 పీఎస్, 300 న్యూటన్ మీటర్లు). వీటిలో సోనెట్ తయారయ్యేది మన రాయలసీమలోనే, పెనుకొండ దగ్గర. బండి సీమలోనే పుట్టినా డీజిల్ రకం ధర మాత్రం పత్తి రైతుకు దూరమే. బాగా తిరిగేవాడికి, అంటే డీజిల్ నిజంగా కలిసొచ్చేవాడికి, అది అందని ధరలో ఉంది. కొనగలిగినవాడు అంత తిరగడు. బీఎస్6 చేసిన మేలు గాలికి. అయినా ఈ వంకర ఇక్కడ మిగిలింది.

కొత్త డీజిల్‌కు ఇంకో గుణం ఉంది, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అది పట్టిన మసిని అప్పుడప్పుడు తానే కాల్చుకోవాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా, మంచి వేగంతో పోవాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రోజూ పోయే బండికి ఆ ముప్పై కిలోమీటర్ల పరుగు దానికి చక్కగా సరిపోతుంది. ఇంటి నుంచి మార్కెట్ యార్డుకు, అక్కణ్ణించి బజారుకు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి సరిపోదు. మీటరు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే వర్క్‌షాపు ఖర్చు. ఊళ్ళోనే తిరిగేవాడు డీజిల్ కొనడం ఒకప్పుడు నష్టం మాత్రమే, ఇప్పుడు తప్పు.

లెక్క ఒకటి వేద్దాం. రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయి వచ్చేవాడు, నెలకు 25 రోజులు. ఏడాదికి 18,000 కిలోమీటర్లు. పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 97, సీఎన్‌జీ కిలో 90 అనుకుందాం. అంకెలు మారొచ్చు, తీరు మారదు. పెట్రోలు బండి లీటరుకు 18 ఇస్తే ఏడాదికి లక్షా పది వేలు. డీజిల్ 22 ఇస్తే 79 వేలు. సీఎన్‌జీ కిలోకు 25 ఇస్తే 65 వేలు. డీజిల్ బండికి లక్షా పాతిక వేలు ఎక్కువ పెట్టి ఉంటే నాలుగేళ్ళకు చేతికి వస్తుంది. సీఎన్‌జీకి 95 వేలు ఎక్కువైతే రెండేళ్ళ పైచిలుకు. ఇదే మనిషి ఏడాదికి 6,000 కిలోమీటర్లే తిరిగితే డీజిల్ లెక్క 12 ఏళ్ళకు గానీ తేలదు. అప్పటికి బండి ఇంకొకరి పేరున ఉంటుంది.

కాగితం మీద సీఎన్‌జీయే గెలిచింది. కాగితం దిగి రోడ్డు మీదికొస్తే మొదటి ప్రశ్న గ్యాసు ఎక్కడ పట్టించుకుంటావన్నది. కారులో ఉండే 60 లీటర్ల సిలిండరులో పట్టేది ఎనిమిది, తొమ్మిది కిలోలు. రెండొందల కిలోమీటర్లు పైన కాస్త నడుస్తుంది. బంకు నీ ఇంటికి ముప్పై కిలోమీటర్లు ఉంటే పోను రాను అరవై, అంటే నింపుకున్నదాంట్లో నాలుగో వంతుకు పైగా నింపుకోవడానికే. నీ రోజువారీ దారిలో బంకు ఉంటేనే సీఎన్‌జీ. కారు బుక్ చేసే ముందు ఆ దారిలో ఒకసారి పోయి, బంకుందా, ఒత్తిడి సరిగా ఉందా, వరుస ఎంత పొడవుందీ కళ్ళారా చూసుకోవడం మేలు. పెట్రోలు ఎట్లాగూ ఉంటుంది కదా అని కొనేవాళ్ళు పెట్రోలు మీదే తోలుతూ సిలిండరు బరువును ఊరికే మోస్తుంటారు.

శక్తీ తగ్గుతుంది. స్విఫ్ట్ పెట్రోలు మీద 82 పీఎస్ ఇస్తే గ్యాసు మీద 70 మాత్రమే. చదును నేల మీద ఇబ్బంది లేదు, తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురు, సామాను, ఏసీ అంటే పెట్రోలుకు మార్చుకోవాలి. డిక్కీ సంగతి ఎమ్మిగనూరులో మరీ ముఖ్యం. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. బట్టల మూటలు వేసుకుని తిరిగే వ్యాపారికి డిక్కీ నిండా సిలిండరు ఉంటే కారు ఎందుకు? టాటా ఈ చిక్కును ముందుగా పట్టించుకుంది. 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి ఒక పెద్ద సిలిండరుకు బదులు 30 లీటర్లవి రెండు డిక్కీ నేల కింద పక్కపక్కన పెట్టింది. 210 లీటర్ల చోటు మిగిలింది. మరుసటి ఏడాది ఎక్స్‌టర్‌తో హ్యుందాయ్ అదే బాట పట్టింది. గ్యాసు మీద ఏఎంటీ కూడా 2024లో టియాగోతో టాటాయే మొదట తెచ్చింది. సిలిండరుకు మూడేళ్ళకోసారి హైడ్రో పరీక్ష చేయించాలన్నది గుర్తుంచుకోవాలి. అదెక్కడ చేస్తారో కూడా కొనేముందే అడగాలి.

ఇప్పుడు గేరుబాక్సు. ఇంజను గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, నిజానికి ఇక్కడి కొనుగోలుదారు పొరపాటు పడేది గేరుబాక్సు దగ్గరే.

మాన్యువల్ గురించి చెప్పడానికేముంది. క్లచ్ ప్లేటు అరిగితే ఏ షెడ్డులోనైనా ఒక పూటలో దింపి ఎక్కిస్తారు. బ్యాటరీ పడిపోతే నలుగురు తోసి రెండో గేరులో వదిలితే స్టార్ట్ అవుతుంది. ఆగిపోతే ట్రాక్టరుకు తాడు కట్టి ఊళ్ళోకి లాక్కు రావచ్చు. ఈ చివరి మాట పట్నంవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది. కోసిగి వైపో హాలహర్వి వైపో రాత్రి ఎనిమిదింటికి బండి ఆగిన మనిషికి అది నవ్వులాట కాదు. సీవీటీని, టార్కు కన్వర్టరు ఆటోమేటిక్‌ను, రెండు క్లచ్‌ల డీసీటీని ముందు చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాగకూడదు. లోపలి పంపు ఇంజను తిరిగితేనే ఆయిలు తోడుతుంది. ఎండిపోయి తిరిగిన గేరుబాక్సు అక్కడికక్కడే చెడుతుంది. చక్రాలు ఎత్తే రికవరీ వ్యాను రావాలి. ఆటోమేటిక్ కొన్నవాళ్ళు ఇంట్లో వాళ్ళకూ, డ్రైవరుకూ మొదట నేర్పాల్సింది ఇది.

ఏఎంటీ 2014లో సెలేరియోతో మన దేశంలోకి వచ్చింది. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ పెట్టే. క్లచ్ నొక్కే కాలి పని, గేరు వేసే చేతి పని మోటార్లు చేస్తాయి. అందుకే మైలేజీ తగ్గదు, పైన స్విఫ్ట్ అంకెల్లో చూశాం, పెరిగింది కూడా. ధర మాన్యువల్ కంటే సుమారు 50 వేలు ఎక్కువ. గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుందన్నది నిజమే, పాదం కాస్త తేలిక చేస్తే ఊపు తగ్గుతుంది. మన దారులకు ఇది చెడ్డ బేరమేమీ కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు, కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు, పత్తి లారీల వెనక పాకేవాళ్ళకు దీన్ని మించిన చవక సుఖం లేదు. క్లచ్ అరిగితే ప్లేటు మార్చడం మామూలే, మార్చాక స్కానరుతో కొత్త క్లచ్‌ను దానికి నేర్పించాలి. యాక్చుయేటర్ పోతే మాత్రం కంపెనీ వర్క్‌షాపుకే. ఏఎంటీని ఎక్కువగా పాడుచేసేది నడిపేవాళ్ళే: ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టడం. అట్లా నిలబెడితే క్లచ్ కాలుతుంది.

సీవీటీలో గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు, కప్పీలు విచ్చుకుంటూ ముడుచుకుంటూ నిష్పత్తి మారుతుంది. ఐ20లో, అమేజ్‌లో, మాగ్నైట్ టర్బోలో ఉన్నది ఇదే. ఇంత మెత్తగా పోయేది చిన్న కార్లలో ఇంకోటి లేదు. 2024 చివర్లో వచ్చిన అమేజ్‌లో మాన్యువల్ 18.65 ఇస్తే సీవీటీ 19.46 ఇస్తుందని ప్రకటించారు. గట్టిగా తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి నెమ్మదిగా అందుకుంటుంది. దీని ఆయిలు దీనికే, వేరేది పోస్తే గోవిందా. ఆ ఆయిలు, దాన్ని మార్చే మనిషి రెండూ అందుబాటులో ఉన్నవాడికి అమేజ్ సీవీటీ నేను ధైర్యంగా చెప్పే కారు.

రెండు క్లచ్‌ల పెట్టె పనితీరు ఎమ్మిగనూరు నేతగాడికి ఒక్క మాటలో చెప్పొచ్చు. గుంట మగ్గంలో కాళ్ళ కింది తొక్కుడు పలకల్లో ఒకటి దిగుతుంటే రెండోది లేస్తుంది, మధ్యలో ఖాళీ ఉండదు. ఇక్కడ ఒక క్లచ్ మూడో గేరును పట్టుకుని ఉండగానే రెండో క్లచ్ నాలుగోదాన్ని సిద్ధం చేసుకుంటుంది. అందుకే గేరు మారడం తెలియదు. హ్యుందాయ్, కియా చిన్న టర్బో కార్లలోని 7 గేర్ల డీసీటీ పొడి క్లచ్‌లది. ఆల్ట్రోజ్‌లోని డీసీఏ ఆయిల్లో మునిగిన తడి క్లచ్‌లది. పొడి క్లచ్‌కు శత్రువు వేగం కాదు, పాకడం. శ్రావణ సోమవారం ఉరుకుంద దారిలో మైళ్ళ కొద్దీ వరుసలో, పైన ఎండ, అడుగడుగునా ఆగి కదలడం, ఇదీ దాన్ని వేడెక్కించే పద్ధతి. తడి క్లచ్ దీన్ని బాగా ఓర్చుకుంటుంది. అయినా రెండింటిలో ఏది చెడినా ఈ చుట్టుపక్కల విప్పే ధైర్యం ఎవరూ చేయరు. వారంటీ అయిపోయాక డీసీటీ బండి ఉంచుకోవద్దనే నా సలహా, వారంటీ పొడిగించుకోగలిగితే తప్ప.

టార్కు కన్వర్టరు అన్నిట్లోకీ పాతది, గట్టిది. సోనెట్ డీజిల్‌కు, 3ఎక్స్‌ఓ పెట్రోలుకు, ఫ్రాంక్స్ టర్బోకు 6 గేర్లతో వస్తోంది. పాకినా, ఎండలో తిరిగినా, ఎత్తు ఎక్కినా తట్టుకుంటుంది. డబ్బుండి ఆటోమేటిక్ కావాలనుకునేవాడు సోనెట్ డీజిల్ ఆటోమేటిక్‌ను చూడొచ్చు. క్లచ్ పెడల్ లేకుండా గేరు మాత్రం చేత్తో వేసుకునే ఐఎంటీ అనేది 2020లో వెన్యూతో వచ్చింది. అటు ఇటు కాని ఏర్పాటు. దాని మీద ఇంకో వాక్యం ఖర్చు చేయను.

ఆటోమేటిక్ ఏదైనా ఘాట్ దిగేటప్పుడు ఒక జాగ్రత్త. డి లో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగితే కొండ కిందికొచ్చేసరికి బ్రేకులు కమురు వాసన వేస్తాయి. ఏఎంటీలో, డీసీటీలో మాన్యువల్ పద్ధతికి మార్చి రెండో గేరు, సీవీటీలో ఎల్ లేదా ఎస్. తిరుమల, శ్రీశైలం రెండు చోట్లా ఇది పనికొస్తుంది.

విద్యుత్ కార్లను ఈ సమీక్షలో కలపాలా అని అనుమానం లేకపోలేదు, వాటికి గేరుబాక్సే లేదు కాబట్టి. కానీ రోజూ 60 కిలోమీటర్ల మనిషికి ఇదే తిన్నని జవాబు కావచ్చు. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఈవీకి 2022లో ప్రకటించిన దూరం 315 కిలోమీటర్లు. వాస్తవంగా 200 అనుకుంటే ఆదోని–ఎమ్మిగనూరు మూడు రోజులకు సరిపోతుంది. రాత్రి ఇంటి ముందు ప్లగ్గు పెట్టుకుంటే రోజుకు ఏడెనిమిది యూనిట్లు, డెబ్బై ఎనభై రూపాయలు. అదే దూరానికి పెట్రోలు మూడు లీటర్లు దాటుతుంది. ఇంటికి పార్కింగు, సరైన ఎర్తింగు లేనివాడు, కర్నూలు దాటి తరచు పోయేవాడు దీని జోలికి పోవద్దు. ఇంట్లో రెండో బండిగా మాత్రం లెక్క నిలబడుతుంది.

ఈ సీమలో ఎక్కువమంది కొనేది కొత్త బండి కాదు గదా, సెకండ్స్. అందులో ఇప్పటికీ గిరాకీ తగ్గనిది డీజిల్ స్విఫ్ట్, డిజైరులకే. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఉన్న ఆంక్ష ఇక్కడ లేదు. అందువల్ల ఉత్తరాది నుంచి చవగ్గా వచ్చే బళ్ళనూ చూపిస్తుంటారు. వాటి దగ్గర ఎన్‌ఓసీ, ఇంకా తీరని ఫైనాన్సు, ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలుపుకుంటే ఆ చవక సగం కరిగిపోతుంది. స్థానిక బండే మేలు, అదీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. తెల్లవారి మొదటి స్టార్ట్‌లో నల్ల పొగ, నీలం పొగ, గొలుసు గలగల, మూడో గేరులో టర్బో అందుకోవడం, ఈ నాలుగూ గమనిస్తే మీటరులో ఉన్న కిలోమీటర్లు నిజమా కాదా కొంతవరకు తేలిపోతుంది. సెకండ్స్‌లో ఏఎంటీ కొంటుంటే రివర్స్‌లో చిన్న ఎత్తు ఎక్కించి చూడాలి. క్లచ్ అయిపోయిన బండి అక్కడ కంపు కొడుతుంది. పొడి క్లచ్ డీసీటీని వారంటీ లేకుండా సెకండ్స్‌లో కొనడం ఎంత తక్కువకు వచ్చినా దండగే.

మారుతి ఆఖరి డీజిళ్ళు 2020 మార్చిలో రిజిస్టరయ్యాయి. వాటి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను 2035 మార్చి దాకా నడుస్తుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష గట్టెక్కితే రెన్యువల్ చేయించుకోవచ్చు.